ఇంటికొచ్చి ఆర్‌వీ బాగుచేసే పనిమంతుణ్ణి పట్టుకోవడం ఎలా? (డాలస్ వైపు, ఫ్రిజ్ + హీటర్)

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మేముండేది ఫ్రిస్కోలో. మొన్న మార్చిలో 22 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే ఇల్లులాంటి ఆర్‌వీ) సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం, 2014 మోడల్. థాంక్స్‌గివింగ్ వారంలో అమ్మానాన్నల్ని బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్దామని ప్లాన్. కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు దొరికింది. అక్కడ కరెంటు లేదు, జనరేటర్ పెట్టనివ్వరు. ఫ్రిజ్, హీటర్ (చలికి లోపల వెచ్చబరిచేది) రెండూ గ్యాస్ మీదే నడవాలి.

చిక్కంతా అక్కడే. ఇంటి ముందు కరెంటు మీద పెడితే ఫ్రిజ్ బాగానే చల్లబడుతోంది. గ్యాస్‌కి మారిస్తే తెల్లారేసరికి పెరుగు పులిసిపోతోంది. హీటర్ ఒకసారి వెలుగుతుంది, మరోసారి టిక్కు టిక్కుమని ఊరుకుంటుంది.

డీలర్‌కి ఫోన్ చేస్తే జనవరిలో తెచ్చి వదిలెయ్యమన్నారు. సరే అని ఇంటికే వచ్చి చూసే మొబైల్ టెక్నీషియన్ ఒకాయన్ని ఆన్‌లైన్‌లో పట్టుకున్నాను. నిన్న వచ్చాడు. ఇరవై నిమిషాలు చూసి "కూలింగ్ యూనిట్ పోయింది, కొత్త ఫ్రిజ్ వెయ్యాలి, 3,200 డాలర్లు, సగం ఇప్పుడే కడితే ఆర్డర్ పెడతా" అన్నాడు. వచ్చి చూసినందుకు 175 తీసుకున్నాడు. హీటర్ గురించి అడిగితే "సర్క్యూట్ బోర్డు పోయుంటుంది, తర్వాత చూద్దాం" అన్నాడు.

కట్టెయ్యమంటారా? వద్దంటే, అసలు వీళ్ళలో పని తెలిసినవాడెవరో, తెలియనివాడెవరో మనకెలా తెలుస్తుంది?

ఓరుగల్లు_ఆన్_వీల్స్ · నవంబర్ 3, రాత్రి 10:05

ఒక్క డాలర్ గూడ కట్టకు బ్రో. కరెంటు మీద సల్లగైతుందంటున్నవ్ గదా, ఇగ కూలింగ్ యూనిట్ ఎట్ల పోతది? ఆయనకు ఫ్రిజ్ అమ్ముడు మీదనే ధ్యాస ఉన్నట్టుంది.

ఐదోచక్రం · నవంబర్ 3, రాత్రి 10:52

పై మిత్రుడు చెప్పింది నిజం. నేను శాన్ ఆంటోనియోలో వారాంతాల్లో ఇదే పని చేస్తాను (రోజూ కూడు పెట్టేది ఐటీ ఉద్యోగమే లెండి).

ఈ ఫ్రిజ్‌లో మన ఇంటి ఫ్రిజ్‌లా కంప్రెసర్ ఉండదు. లోపల అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ ఉంటాయి. వెనక బాయిలర్‌కి వేడి తగిలితే ఆ ద్రవం కదిలి లోపల చల్లబరుస్తుంది. ఆ వేడి కరెంటు కాయిల్ ఇచ్చినా, గ్యాస్ మంట ఇచ్చినా కూలింగ్ యూనిట్ మాత్రం ఒకటే. ఒకదాని మీద పనిచేసి ఇంకోదాని మీద చెయ్యకపోతే లోపం వేడి వచ్చే దారిలో ఉంది.

రేపు పగటిపూట ఒక పని చెయ్యండి. ట్రైలర్ బయటివైపు ఫ్రిజ్ వెనక జాలీ తలుపు తీసి టార్చి వేసి చూడండి. పైపుల మీద పసుపు రంగు పొడి ఉందా? అమ్మోనియా ఘాటు కొడుతోందా? ఆ పసుపు లోపలి పైపులు తుప్పు పట్టకుండా కలిపే సోడియం క్రోమేట్. అది బయటికొస్తే యూనిట్ కారిందని అర్థం. లేకపోతే మీ 3,200 మీ దగ్గరే ఉంచుకోండి. పొడి కనిపిస్తే చేత్తో ముట్టుకోకండి, విషం.

ఇంకొకటి. నిన్న వచ్చినాయన గ్యాస్ ప్రెషర్ కొలిచాడా? మానోమీటర్ అని గొట్టం తగిలించిన చిన్న మీటర్ ఉంటుంది.

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 4, ఉదయం 8:15

పసుపూ లేదు, ఘాటూ లేదు అన్నా. మీటర్ ఏదీ తియ్యలేదు. ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి పెట్టి చూశాడు, వెనక్కి వెళ్ళి తొంగి చూశాడు, అంతే.

ఐదోచక్రం · నవంబర్ 4, ఉదయం 8:31

చెయ్యి పెట్టి జ్వరం చెప్పే డాక్టరన్నమాట.

కొలరాడో_కోడలు · నవంబర్ 4, ఉదయం 10:20

టెక్నీషియన్ని వెతికే సంగతి నేను చెప్తాను, మేం ఆరేళ్ళలో ఐదుగుర్ని చూశాం.

ఆన్‌లైన్‌లో పైన కనిపించినవాణ్ణి పిలవకండి. మీకు దగ్గర్లో ఏదైనా ప్రైవేట్ ఆర్‌వీ పార్క్‌కి వెళ్ళి ఆఫీసులో అడగండి. నెలల తరబడి అద్దె కట్టి అక్కడే ఉండేవాళ్ళు ప్రతి పార్క్‌లో ఉంటారు. వాళ్ళకి హీటర్ పోతే డీలర్ దగ్గరికి లాక్కెళ్ళే వీలుండదు, ఇల్లే అది కదా. అందుకని పనివాడు వాళ్ళ దగ్గరికే రావాలి. పని చెడగొట్టినవాడికి ఆ పార్క్‌లో రెండోసారి పని దొరకదు. మాకు మంచివాళ్ళు దొరికిన ప్రతిసారీ ఆఫీసు కౌంటర్ మీదున్న విజిటింగ్ కార్డుల వల్లే. అయితే కార్డు తీసుకుని వచ్చెయ్యకుండా "మీ సొంత బండికి ఎవర్ని పిలుస్తారు?" అని మేనేజర్ని అడగండి. జవాబు వేరే వస్తుంది.

ఓరుగల్లు_ఆన్_వీల్స్ · నవంబర్ 4, మధ్యాహ్నం 12:44

అక్క కరెక్ట్ చెప్పింది. ఈ సర్టిఫికెట్లు గిర్టిఫికెట్లు చూస్తే ఏం తెల్వదు. మా ఆర్కన్సాలో ఒక ముసలాయన ఉన్నడు, డెబ్బై దాటినయి, ఏ కాగితం లేదు. బండి సప్పుడు ఇని రోగం చెప్తడు. గంటకు 80 తీస్కుంటడు, బీర్ ఇస్తే ఇంక 10 తగ్గిస్తడు.

గోదారి_గ్యారేజ్ · నవంబర్ 4, మధ్యాహ్నం 1:30

ముసలాయన గొప్పోడే కావచ్చండి, కాదనను. కానీ గ్యాస్ పని విషయంలో నేను కాగితం అడుగుతాను. ఆయన బిగించిన కీలు రేపు లీకై మంటొస్తే మీ ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది "పని ఎవరు చేశారు, లైసెన్స్ ఉందా" అనే. ఆయన దగ్గర లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉందేమో కనుక్కున్నారా? కొన్ని పార్కులు ఆ కాగితం చూపిస్తే గానీ టెక్నీషియన్ని గేటు దాటనివ్వవు. మాకు ఫ్లోరిడాలో అదే జరిగింది. పిలిపించినాయన గేటు దగ్గర నిలబడ్డాడు, మేం లోపల నిలబడ్డాం. చివరికి బండిని బయటికి లాగి రోడ్డు పక్కన చేయించుకున్నాం. పెళ్ళికి పిలిచి పందిట్లోకి రానివ్వనట్టు.

ఐదోచక్రం · నవంబర్ 4, సాయంత్రం 6:48

కాగితాల గురించి చెప్పాలంటే నాకూ అందులో వాటా ఉంది కాబట్టి దాచకుండా చెప్తాను.

రెండు దారులున్నాయి. ఒకటి ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో ఉన్న ఆర్‌వీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. అది ఆర్‌వీ కంపెనీల సంఘం నడిపేది. దాన్లో నాలుగు లెవెళ్ళు. లెవెల్ 1 అంటే కొత్త బండి డెలివరీకి ముందు అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడగలడు, అంతే. లోపం కనిపెట్టి బాగుచెయ్యడం లెవెల్ 2 నుంచి. అందుకని "సర్టిఫైడ్" అనగానే సంతోషపడకుండా ఏ లెవెల్ అని అడగండి.

రెండోది మన టెక్సాస్‌లోనే, ఏథెన్స్ అనే ఊళ్ళో, డాలస్‌కి గంటన్నర లోపే. నేషనల్ ఆర్‌వీ ట్రైనింగ్ అకాడమీ. నేను చదివింది అక్కడే. మొదటి వారం బేసిక్స్. ఆ తర్వాత ఫ్రిజ్, ఏసీ, వాటర్ హీటర్, ఇలా విడివిడిగా. ఒక్క మొదటి వారం చేసి కార్డు కొట్టించుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకని "ఫ్రిజ్ క్లాసు చేశారా?" అని సూటిగా అడిగితే తప్పేం లేదు, నన్నడిగితే నేనేం చిన్నబుచ్చుకోను.

ఇక టెక్సాస్‌లో డబ్బు తీసుకుని ప్రొపేన్ (అదే, ఆర్‌వీ సిలిండర్లలో ఉండే గ్యాస్) పని చెయ్యాలంటే రైల్‌రోడ్ కమిషన్ లైసెన్స్ కావాలి. నవ్వకండి, నిజమే. 1891లో రైళ్ళ కోసం పెట్టిన సంస్థ. 2005 నుంచి రైళ్ళతో దానికి ఏ సంబంధమూ లేదు, ఆయిల్, గ్యాస్ చూసుకుంటుంది, పేరు మాత్రం అలాగే ఉంచేశారు. ఫోన్లో "మీ రైల్‌రోడ్ కమిషన్ లైసెన్స్ నంబర్ చెప్తారా" అనండి. ఉన్నవాడు టక్కున చెప్తాడు. లేనివాడు మీకు పాఠం మొదలుపెడతాడు.

ఆర్కన్సా ముసలాయన విషయంలో ఓరుగల్లు తమ్ముడితో నాకు పేచీ లేదు. నాకు ఈ పనిలో సగం నేర్పింది అలాంటి ఒకాయనే. కానీ ఆయన పక్కన రెండేళ్ళు కూర్చుంటే గానీ ఆయన గొప్పతనం తెలియదు. మొదటిసారి ఫోన్ చేసే మనిషికి కాగితమే ఆధారం.

కొలరాడో_కోడలు · నవంబర్ 4, రాత్రి 8:02

ఇంకో గుర్తు. బాగా తెలిసినవాడు ఫోన్లోనే సగం కనుక్కుంటాడు. మాకు రెండో ఏడాది ఏప్రిల్‌లో వేడినీళ్ళు రాలేదు. ఫోన్ చేస్తే ఆయన ఒకటే ప్రశ్న వేశాడు: "చలికాలానికి బండి నిలిపేటప్పుడు వాటర్ హీటర్ బైపాస్ తిప్పారా?" అంటే నీళ్ళు హీటర్‌లోకి వెళ్ళకుండా పక్కకి మళ్ళించే వాల్వు. తిప్పాం. మళ్ళీ వెనక్కి తిప్పడం మర్చిపోయాం. ఫోన్ పట్టుకునే మంచం కింద పలక తీసి వాల్వు తిప్పాను. పైసా తీసుకోలేదు. "ట్యాంకు నిండి, కుళాయిలో నీళ్ళు ధారగా వచ్చాకే కరెంటు స్విచ్చి వెయ్యండి, ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ కాలిపోతుంది" అని కూడా చెప్పాడు. ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆయన్నే పిలిచాం.

నెల్లూరు_చేపలపులుసు · నవంబర్ 4, రాత్రి 9:15

మా కథ వేరు, మేం అద్దె బండివాళ్ళం. పోయిన జూలైలో ఎల్లోస్టోన్ వెళ్ళినప్పుడు జనరేటర్ ఆగిపోయింది. మధ్యాహ్నం ఎండ, ఏసీ లేదు, పిల్లలు గోల. తొందరపడి దగ్గర్లో ఉన్న టెక్నీషియన్ని పిలిచేశాం. ఆయనొచ్చి పెట్రోల్ ముల్లు చూపించాడు. పావు ట్యాంకు కన్నా తగ్గితే జనరేటర్‌కి పెట్రోల్ అందదట, దారిలో చిక్కుకుపోకుండా కావాలనే అలా పెడతారట. 160 డాలర్లు. బండి ఓనర్ "నన్నడక్కుండా ఎందుకు పిలిచారు" అని ఒక్క డాలర్ ఇవ్వలేదు. అద్దె బండి అయితే ముందు ఓనర్‌కి ఫోన్, తర్వాతే టెక్నీషియన్.

గోదారి_గ్యారేజ్ · నవంబర్ 4, రాత్రి 9:40

అదే సూత్రం వారంటీకి కూడా. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే పని మొదలవ్వక ముందే వాళ్ళ అనుమతి నంబర్ తీసుకోవాలి. విప్పేశాక ఫోన్ చేస్తే "మేం చూడనిది మేం కట్టం" అంటారు.

మాట మాటలో ఇంకోటి. ఇంటి ఎలక్ట్రీషియన్ని ఆర్‌వీకి పెట్టకండి బాబూ. మా బావమరిది గ్యారేజీలో 30 ఆంప్స్ ప్లగ్ పెట్టించుకున్నాడు. వచ్చిన ఎలక్ట్రీషియన్ బట్టలారబెట్టే డ్రయ్యర్ ప్లగ్ అనుకుని 240 వోల్టులు ఇచ్చాడు. ఆర్‌వీ 30 ఆంప్స్ అంటే 120 వోల్టులే. ప్లగ్ పెట్టిన మరుక్షణం మైక్రోవేవ్, కన్వర్టర్, ఏసీ బోర్డు, టీవీ అన్నీ పోయాయి. మధ్యలో సర్జ్ ప్రొటెక్టర్ ఉండుంటే అదొక్కటే పోయేది.

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 5, ఉదయం 7:50

అందరికీ థాంక్స్. రెండు సంగతులు.

మొదటిది, లూయిస్‌విల్ వైపు ఒక ఆర్‌వీ పార్క్‌కి వెళ్ళి కోడలక్క చెప్పినట్టే అడిగాను. మేనేజర్ కౌంటర్ మీది కార్డుల్లోంచి తియ్యకుండా తన ఫోన్లోంచి నంబర్ ఇచ్చింది!

రెండోది, రాత్రి అమ్మ ట్రైలర్‌లో దోసెలు పోసింది (ఇంట్లో స్టవ్ ఉండగా అందులోనే పోస్తానంది, కొత్త సరదా). పోస్తూ "ఒరే, ఆ హీటర్ బుస్సుమన్నప్పుడల్లా ఇక్కడ మంట కుంగిపోతోందిరా, దోసె కాలడం లేదు" అంది. నేను వెళ్ళి చూశాను. నిజమే. హీటర్ ఫ్యాన్ తిరిగి టిక్కుమనగానే నీలం మంట చిన్నదైపోతోంది, హీటర్ ఆగగానే మళ్ళీ లేస్తోంది.

ఐదోచక్రం · నవంబర్ 5, ఉదయం 8:04

అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. 175 డాలర్లాయన చెప్పలేనిది ఆవిడ పెనం ముందు నిలబడి చెప్పారు.

గ్యాస్ చాలడం లేదు. ముందు డబ్బులక్కర్లేని పని: స్టవ్, హీటర్, ఫ్రిజ్ అన్నీ ఆపి, సిలిండర్ వాల్వు మూసి, రెండు నిమిషాలాగి, మెల్లగా, చాలా మెల్లగా తెరవండి. ఒక్కసారి గిర్రున తిప్పితే లోపలి భద్రతా వాల్వు "ఎక్కడో పైపు తెగింది" అనుకుని గ్యాస్‌ని సన్నగా వదులుతుంది. అలా చేసినా మంట కుంగితే రెండు సిలిండర్ల మధ్య ప్లాస్టిక్ మూత కింద ఉన్న రెగ్యులేటర్‌ని అనుమానించాలి. అది మీరు ముట్టుకోవద్దు, కొత్తాయన్ని మీటర్‌తో కొలవమనండి.

ఫోన్ చేసే ముందు ఫ్రిజ్, హీటర్ మోడల్, సీరియల్ నంబర్ల పలకలు ఫోటో తీసి పంపండి. నాకు ఫోటో పంపినవాళ్ళ దగ్గరికి సరైన పార్ట్ బండిలో వేసుకుని వెళ్తాను. పంపనివాళ్ళు రెండు ట్రిప్పులకి కట్టుకుంటారు.

ఓరుగల్లు_ఆన్_వీల్స్ · నవంబర్ 5, ఉదయం 9:30

అమ్మకు సర్టిఫికెట్ ఏ లెవెల్ ఇద్దాం? 😄

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 5, మధ్యాహ్నం 1:12

మెల్లగా తెరిచి చూశా, తేడా లేదు.

పార్క్ మేనేజర్ ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేశాను. రైల్‌రోడ్ కమిషన్ లైసెన్స్ అడిగితే నంబర్ చదివి, "ఇది అడిగినవాళ్ళలో మీరు ఈ ఏడాది రెండోవారు" అని నవ్వాడు. ట్రిప్ చార్జి 95, గంటకు 150, మొదటి గంట పూర్తిగా, తర్వాత అరగంట లెక్కన. అడ్వాన్స్ వద్దన్నాడు. స్పెషల్ ఆర్డర్ పార్ట్ అయితే మాత్రం పార్ట్ ఖరీదు ముందు తీసుకుంటాడట, బిల్లు చూపించి. ట్రైలర్ చక్రాల బేరింగులు కూడా చూడమంటే "గ్రీజు పెట్టడం వరకూ చేస్తాను, యాక్సిల్ వంగితే నా పని కాదు, షాపుకి పంపుతాను" అన్నాడు. శనివారం పొద్దున వస్తున్నాడు.

ఐదోచక్రం · నవంబర్ 5, మధ్యాహ్నం 1:40

"నా పని కాదు" అన్నాడంటే నాకు నచ్చాడు. నేనూ పైకప్పు మొత్తం మార్చే పని, ఇంజిన్ పని ఒప్పుకోను. అన్నీ చేస్తాననేవాడితోనే జాగ్రత్త.

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 8, సాయంత్రం 5:25

వచ్చాడు, చూశాడు, అయిపోయింది. వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

వచ్చీ రాగానే ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళలేదు. స్టవ్ పైపలక తీసి ఒక బర్నర్ దగ్గర రబ్బరు గొట్టం తగిలించి మీటర్ పెట్టాడు. గ్యాస్ ప్రెషర్ 11 అంగుళాలు ఉండాలన్నాడు (నీటి మట్టం లెక్క అట). ఒక్క బర్నర్ వెలిగిస్తే 10 చూపించింది. హీటర్ వెయ్యమన్నాడు. నేను చూస్తుండగానే అంకె పడిపోతూ 6 దగ్గర ఆగింది. నాన్న పక్కన నిలబడి "బీపీ డౌనైనట్టు" అన్నారు. టెక్నీషియన్‌కి తెలుగు రాదు గానీ నాన్న మొహం చూసి నవ్వాడు.

రెగ్యులేటర్ బండితోపాటు వచ్చినదే, పదకొండేళ్ళది. కొత్తది వేశాడు. దాని గాలి రంధ్రం కిందికి చూసేలా బిగించి, "పైకి ఉంటే వాన నీళ్ళు లోపలికి వెళ్ళి గడ్డకడతాయి" అని చూపించాడు. మళ్ళీ మీటర్ పెట్టి హీటర్, స్టవ్ కలిపి వెలిగించి సరిగ్గా 11కి సర్దాడు. ఆ తర్వాత లీక్ పరీక్ష: అన్నీ మూసి ప్రెషర్ 8 దగ్గర నిలబెట్టి గడియారం చూస్తూ మూడు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాడు. అంకె కదల్లేదు.

ఫ్రిజ్ వెనక బర్నర్ మీద పొగగొట్టంలోంచి రాలిన తుప్పు రేకులు గుప్పెడు ఉన్నాయి, గాలి కొట్టి తీశాడు. హీటర్ బయటి గొట్టంలో కందిరీగ కట్టిన మట్టి గూడు! బోర్డు నిక్షేపంగా ఉంది.

బిల్లు: ట్రిప్ 95, గంటన్నర పని 225, రెగ్యులేటర్ 60. మొత్తం 380, టాక్స్ కాక. పాత రెగ్యులేటర్ నా చేతికిచ్చి వెళ్ళాడు. ఫ్రిజ్ ఈపాటికి గ్యాస్ మీద ఏడు గంటలుగా ఉంది, ఫ్రీజర్‌లో ఐస్ కడుతోంది.

గోదారి_గ్యారేజ్ · నవంబర్ 8, సాయంత్రం 6:10

మొదటాయన దగ్గరి 175 వెనక్కి అడిగారా?

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 8, సాయంత్రం 6:31

మీటర్ ఫోటోలు పెట్టి మెసేజ్ పంపాను. "నేను చెప్పింది నా అభిప్రాయం" అని జవాబు. వదిలేశాను. క్రెడిట్ కార్డు మీద కట్టి ఉంటే పేచీ పెట్టేవాణ్ణేమో, నగదు ఇచ్చాను, బుద్ధి తక్కువ.

నెల్లూరు_చేపలపులుసు · నవంబర్ 8, రాత్రి 8:55

ఆ రెండో ఆయన నంబర్ ఇక్కడ పెట్టండి, మా తమ్ముడు ప్లేనోలో ఉంటాడు.

మోడరేటర్ · నవంబర్ 8, రాత్రి 9:03

ఫోన్ నంబర్లు థ్రెడ్‌లో వద్దండి. ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చిపుచ్చుకోండి.

తెనాలి_ట్రైలర్ · నవంబర్ 30, రాత్రి 10:18

బిగ్ బెండ్ నుంచి నిన్ననే వచ్చాం. నాలుగు రాత్రులు. రెండో రాత్రి బాగా చలి, హీటర్ తెల్లార్లూ ఆగి ఆగి వెలిగింది. అమ్మ లేచినప్పుడల్లా స్టవ్ వెలిగించి మంట చూసి పడుకుందట, నాన్న చెప్పారు. పెరుగు పులవలేదు.

ఓరుగల్లు_ఆన్_వీల్స్ · నవంబర్ 30, రాత్రి 10:40

దోసెల ఫోటో ఏది?

కృష్ణాతీరం_కెంటకీ · డిసెంబర్ 1, ఉదయం 6:55

కొత్త సభ్యుణ్ణి. ఇదంతా చదివాను, బాగుంది. మా ట్రైలర్ పైకప్పు మీద వెంట్ చుట్టూ కారుతోంది, హోమ్ డిపోలో సిలికాన్ తెచ్చి పూసేశాను, అయినా కారుతోంది. ఏం చెయ్యాలి?

ఐదోచక్రం · డిసెంబర్ 1, ఉదయం 7:20

అయ్యో, రబ్బరు కప్పు మీద సిలికానా! దాని మీద ఇంక ఏదీ అతుక్కోదండీ, ముందు అదంతా గీకాలి. ఫోటోలు తీసి కొత్త థ్రెడ్ తెరవండి, వస్తాను.